ఆఖరి పేలాల చప్పుడు

"మళ్ళీ మాడిందా?" అన్నాడు ఫౌస్తో తలెత్తకుండానే. గిన్నెలోంచి నల్లబడ్డ పేలాన్ని ఒకదాన్ని ఏరి పళ్ళెం అంచున పెట్టాడు.

మాడ్చింది మర్యూరి కాదు. ఫౌస్తోతో పెళ్ళై పన్నెండేళ్ళైనా ఆ దబరా మూత ఎత్తే అధికారం ఆమెకి రాలేదు. అయినా "మంట ఎక్కువైంది, నేనే చూసుకోలేదు" అంది. పొయ్యి దగ్గర అత్తగారు దోన్యా సొయిలా వెనక్కి తిరగలేదు. కొడుకు అన్న మాట గానీ, కోడలు ఆడిన అబద్ధం గానీ ఆవిడ చెవిన పడలేదు.

కొండలమీది క్వీటో నగరంలో ఆ ఇంట ఆదివారం అంటే రొయ్యల సెవీచే. పొద్దున్నే సంతకెళ్ళి రొయ్యలు తెచ్చి, వలిచి, నరాలు తీసి, ఉడికించి, ఉల్లిపాయ చీలికలు ఉప్పునీళ్ళలో పిసికి కడిగి, పాతిక నిమ్మకాయలు పిండి చల్లటి పుల్లటి రసం సిద్ధం చేయడం మర్యూరి పని. అది బాగుంటే ఎవరూ ఏమీ అనరు. బాగోకపోతే మర్యూరి చేసిందంటారు. మెచ్చుకోళ్ళన్నీ దాని పక్కన పెట్టే కంగిల్‌కి. కంగిల్ అంటే కొస తేలిన చిన్నరకం మొక్కజొన్న. దాన్ని పేల్చి, వేడివేడిగా గుప్పెడు గుప్పెడు సెవీచేలో చల్లుకుని, మెత్తబడేలోపు తినాలి. చల్లారితే సాగుతుంది కాబట్టి మగవాళ్ళ భోజనం సాగినంతసేపూ వాయి తర్వాత వాయి పేలుస్తూనే ఉండాలి. పేల్చేది అత్తగారు, గిన్నెలు అందించేది మర్యూరి, తినేది ఫౌస్తో, అతని తమ్ముడు ఎడిసన్. పెళ్ళాం వదిలేసి పోయిన దగ్గర్నుంచీ ఎడిసన్ భోజనం ఇక్కడే. ఆడవాళ్ళిద్దరూ పళ్ళేలు పెట్టుకునేసరికి రొయ్యలు అయిపోయి రసం మిగిలేది. వాళ్ళు ఆ రసం నిలబడే తాగేసి గిన్నెలు కడిగేవారు.

కంగిల్ అత్తగారి చేతిలో చెవితో వండే వంట. ఒక గరిటె పంది కొవ్వులో జాఫ్రా గింజలు వేసి, రంగు దిగగానే తీసేసి, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బ వేసేది. ముందు మూడే గింజలు వేసేది. ఆ మూడూ పేలాక మిగతావన్నీ పోసి, మూత పెట్టి, రెండు పిడులూ గుడ్డతో పట్టుకుని దబరాని కుదిపేది. చిటపటలు జోరందుకుని మళ్ళీ తగ్గుముఖం పట్టాక, ఒక పేలుకీ ఇంకో పేలుకీ మధ్య "మరియమ్మ తల్లీ" అని పూర్తిగా అనుకునేంత సందు దొరకగానే దించేయాలి. ముందే దించితే అడుగున పళ్ళు విరిగే గింజలు మిగులుతాయి, ఆలస్యమైతే మాడు.

కొత్తకాపురంలో మర్యూరి ఆశగా అడిగింది, "ఒక్క వాయి నేను పేల్చనా అత్తయ్యా?"

"నువ్వా? మీ కోతులదేశంలో అరటికాయ తప్ప ఇంకేమైనా పొయ్యెక్కుతుందటే?"

కొండమీది వాళ్ళు సముద్రం వైపు వాళ్ళని కోతులనే అంటారు. నవ్వుతూ అంటారు కాబట్టి నొచ్చుకోకూడదు. మర్యూరి సముద్రం వైపున్న తన ఊరు చోనే వెళ్ళినప్పుడల్లా పుట్టింటి ఉప్పుపొడి సీసా ఒకటి తెచ్చుకునేది. వేయించిన మొక్కజొన్న, వేరుశనగ, జీలకర్ర, ఉప్పు కలిపి వాళ్ళమ్మ రోట్లో నూరిన పొడి. వేడి కంగిల్ మీద ఆ పొడి పడితే ఎలా ఉంటుందో ఈ ఇంట్లోవాళ్ళకి రుచి చూపించాలని ఆమె కోరిక. కోరిక చిన్నదే, కానీ పన్నెండేళ్ళుగా తీరలేదు. పని దగ్గరా ఆమెది అదే బతుకు. యూనిఫారాలు కుట్టే షెడ్డులో యజమాని "మర్యూరి చేతి కాఫీయే కాఫీ" అంటాడు. పదిమందికీ కలిపి తెమ్మని దానర్థం. ఆమె మెషిన్ ఆగిపోయిన ఆ ఇరవై నిమిషాలకీ సాయంత్రం మాట పడేది కూడా మర్యూరే.

అత్తగారి చెవుల సంగతి ఆమెకి గ్యాస్ బండి వల్ల తెలిసింది. "రెండు వారాలుగా ఆ గ్యాస్ వాడు ఈ వీధి మొహం చూళ్ళేదు, సోమరి వెధవ" అని ఆవిడ తిట్టిపోస్తుంటే, సరిగ్గా అప్పుడే వాడు కిటికీ కింద హారన్ మోగించుకుంటూ వెళ్ళిపోయాడు. మర్యూరి కిటికీ వైపు చూసింది. అత్తగారి మొహంలో ఏ కదలికా లేదు. ఆ ఆదివారమే మొదటిసారి కంగిల్ మాడింది. ఆవిడ మూతకి చెవి దాదాపు ఆనించి, పెదాలు కదుపుతూ, పేలడం ఎప్పుడో ఆగిపోయిన దబరాని ఇంకా కుదుపుతూనే ఉంది. ఎన్ని మాటలు పడినా ఈ మనిషి మీద తనకి ఇంత ప్రేమ ఉందని మర్యూరికి అప్పటిదాకా తెలీదు.

మూడు ఆదివారాలు మాట తనమీద వేసుకుంది. నాలుగో ఆదివారం ఖాళీ గిన్నె పట్టుకుని అత్తగారి వెనకే నిలబడింది. పేలాల మధ్య సందు రాగానే, ఏమీ అనకుండా అరచెయ్యి ఆవిడ వీపు మీద ఆనించింది. దోన్యా సొయిలా ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత దించేసింది. మూత తీస్తే ఒక్క నల్ల గింజ లేదు.

రెండు నెలలు అలా సాగింది. ఒకరోజు గిన్నెలు కడుగుతూ, కోడలి పెదాల వైపే చూస్తూ అత్తగారే అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"గ్యాస్ బండి వచ్చినప్పట్నుంచి."

"వాళ్ళకి చెప్పకు." ఆవిడ కొళాయి కట్టేసింది. "మా అత్తకి చూపు మందగిస్తే తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాం. ఒళ్ళో దుప్పటి కప్పింది నేనే. దుప్పటి కప్పాక, ఏం వండమంటారని ఆవిడని ఒక్కరూ అడగలేదు, పోయేదాకా. నేనూ అడగలేదు పిల్లా."

"నేను చెప్పను అత్తయ్యా."

"సరే, ఆ కోతులదేశం పొడి ఇలా తే, చూద్దాం."

మర్యూరి చేతులు తుడుచుకోకుండానే సీసా కోసం పరిగెత్తింది. ఆ తర్వాతి ఆదివారం ఆ పొడి పడ్డ కంగిల్ గిన్నె చూస్తుండగానే ఖాళీ అయింది. "అమ్మా, ఏం కలిపావే? అదిరింది!" అని ఎడిసన్ కేకేశాడు. ఏది ఎవరు చేసినా ఆ ఇంట్లో పొగడ్త పోయేది అమ్మకే. అత్తగారికి వినపడలేదు. మర్యూరి తనలో తనే నవ్వుకుని ఇంకో గిన్నె నింపింది.

వడగళ్ళు పడ్డ ఆదివారం గుట్టు బయటపడింది. డాబా మీద ఆరేసిన బట్టలు తెమ్మని ఫౌస్తో కేకేస్తే మర్యూరి పైకి పరిగెత్తింది. దుప్పట్లు మోసుకుని దిగేసరికి వంటిల్లు పొగతో నిండిపోయింది. అత్తగారు దబరా కుదుపుతూనే ఉంది, కళ్ళు మూసుకుని, వీపు మీద పడబోయే చెయ్యి కోసం ఎదురుచూస్తూ.

ఫౌస్తో దగ్గుకుంటూ వచ్చి పొయ్యి ఆర్పాడు. "ఇంత వయసులో అమ్మని ఒక్కదాన్నే వదిలేసి ఎక్కడ చచ్చావ్?" అన్నాడు పెళ్ళాంతో.

బట్టలు తెమ్మన్నది నువ్వే కదా అనొచ్చు. కానీ ఆ గొడవలో అసలు సంగతి బయటికొస్తుందని మర్యూరి భయపడింది. "నేనే, మంట..." అని మొదలుపెట్టింది.

ఆమె పెదాలు కదలడం అత్తగారు చూసింది. "అబద్ధం. దానికేం సంబంధం లేదు" అంది. "నాకు చెవులు పోయాయి రా. ఏడాది దాటింది."

ఎడిసన్ తల్లి చెవి దగ్గరికి వంగి, "నువ్వు కూర్చో అమ్మా, ఇంక నీకు విశ్రాంతి!" అని అరిచి కుర్చీ లాగాడు. ప్రేమగానే లాగాడు. ఫౌస్తో కూడా మెత్తబడి, బహుమతి ఇస్తున్నవాడిలా పెళ్ళాం వైపు చూశాడు. "ఇవాళ్టి నుంచి కంగిల్ నీది, మర్యూరీ. ఎప్పట్నుంచో అడుగుతున్నావుగా."

నిజమే, పన్నెండేళ్ళుగా అడుగుతోంది. ఈ మాట వింటే గాల్లో తేలిపోతాననుకుంది. ఇప్పుడు విన్నాక, అత్తగారు కుర్చీ అంచుని గట్టిగా పట్టుకుని కూర్చోకుండా నిలబడటమే ఆమెకి కనపడింది. ఆవిడ కూర్చుంటే ఇంక లేవనివ్వరు. తను పొయ్యి దగ్గర నిలబడితే ఇంక కూర్చోనివ్వరు. తను ఆశపడ్డది రుచి చూపించడానికి, దాని వెనకే ఇంకో ముప్పై ఏళ్ళు నిలబడటానికి కాదు. కాళ్ళు లాగుతున్నాయి, ఆకలేస్తోంది, తను చేసిన సెవీచే ఎలా ఉందో తనకే తెలీదు.

"అత్తయ్య చేతులకేం కాలేదు" అంది మర్యూరి. "వీపు మీద చెయ్యేసి ఇప్పుడు దించమని చెప్పే మనిషి కావాలి, అంతే. నీకు చెవులు బాగానే పనిచేస్తాయిగా ఫౌస్తో. నువ్వెళ్ళి నిలబడు."

"నేనా?"

"ఒకరికి ఒకరు తోడుంటారు. అత్తయ్య పేల్చే కంగిల్ నాకు వేడిగా తినాలనుంది."

ఎడిసన్ నవ్వబోయి, వదిన మొహం చూసి, గిన్నెలు అందుకోవడానికి తనే లేచాడు. మర్యూరి బల్ల దగ్గర కూర్చుంది, నిండుగా రొయ్యలు వేసుకుంది. వంటింటి గుమ్మం అవతల కొత్త వాయి మొదలైంది. ఫౌస్తో తల్లి వీపు మీద చెయ్యేసి ఎలా నిలబడాలో తెలియక అటూ ఇటూ జరుగుతున్నాడు. పొయ్యి సెగకి అతని నుదురు చెమర్చింది. నిలబడి నిలబడి, ఎప్పుడూ లేనిది, అతని గొంతు చిన్నదైంది.

"అమ్మా, నువ్వు ఎప్పుడైనా మాతో కూర్చుని తిన్నావా?"

ఆ మాట అడగడానికి అతనికి నలభై మూడేళ్ళు పట్టింది. అడిగింది ఆవిడకి వినపడలేదు.

"లేదు" అంది మర్యూరి, కూర్చున్న చోటు నుంచే. "నేనూ తినలేదు."