రేకుడబ్బాలో రివెట్లు

పొద్దున్నే ఇంటి ముందరి దుకాణం షట్టరు ఎత్తడం, పైవాడికో దణ్ణం పెట్టుకోవడం, రేకు పరిచి సుద్దతో గీత గీయడం. ట్రంకుపెట్టెలు చేసే మేస్త్రి రోజు ఇలాగే మొదలయ్యేది. ఆ ఏడు దీనికి ఇంకో పని తోడైంది. కిటికీ అంచున బారుగా పేర్చిన, రేకులు బిగించే రివెట్లలోంచి రోజుకొకటి తీసి, కిందున్న రేకుడబ్బాలోకి జారవిడిచేవాడు. బారు ఖాళీ అయిన రోజున ఆవిడ కచేరీ.

ఆవిడంటే ఎవరో ఆ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. మేస్త్రి కుర్రతనం నుంచీ రేడియోలో ఆవిడ పాడుతూనే ఉంది, ఈయన సుత్తి తాళం వేస్తూనే ఉంది. ఎదురుగా కూర్చుని విన్నది మాత్రం ఒక్కసారీ లేదు. ఇదే తన ఆఖరి కచేరీ అని ఆవిడ చెప్పేసింది కూడా.

తంటా ఎక్కడొచ్చిందంటే, ఇన్నేళ్ల సుత్తిదెబ్బలు ఊరికే పోతాయా? మొదటి రివెట్టు డబ్బాలో పడ్డప్పుడు ఖంగుమంది. కొన్నాళ్లకి టక్కుమంది. తర్వాత పక్కవీధిలో ఎవరో దగ్గినట్టుండేది. బారు చివరికొచ్చేసరికి, పడిందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చింది. ఒకరోజు అదీ చూసుకోలేదు.

"డబ్బాలో కాదండీ, నా చెప్పులో పడింది," అంది భార్య.

ఆయన తల తిప్పలేదు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"కాస్త మెల్లగా ఆడించవే పెదాలు," అన్నాడు మేస్త్రి.

ఆమెకి బస్టాండులో విచారణ కిటికీ దగ్గర ఉద్యోగం. ఏ బస్సు ఎప్పుడొస్తుంది, ఎందుకు రాలేదు, మీకసలు సిగ్గుందా... రోజంతా ఇవే. ఇంటికొచ్చాక ఫ్యాను చప్పుడు కూడా గిట్టేది కాదు. పాటంటే ఆమెకి ఇంకో రకం రొద. "మీ గాయనమ్మగారు గొంతు సవరించుకున్నారు, ఇక ఇల్లు గల్లంతే," అని రేడియో పెట్టినప్పుడల్లా దెప్పేది.

అయినా కంగారు పడాల్సిందేముంది? నిచ్చెన లేనివాడు పక్కింట్లో అడిగి తెచ్చుకుంటాడు. ఆ ఊళ్లో వినికిడీ అంతే. ఇచ్చేవాళ్లు రెండు అరచేతులూ తమ చెవులకి ఆనించుకుని, కాసేపాగి, పుచ్చుకునేవాళ్ల చెవులకి ఆనిస్తే సరి. ఒక్కటే కట్టుబాటు. పుచ్చుకున్నవాడు నిద్రపోయేలోగా తిరిగిచ్చెయ్యాలి, లేకపోతే అది అక్కడే వేరు పాతుకుంటుంది. వెనకటికి పోస్టుమాస్టరు తన తోడల్లుడి వినికిడి తెచ్చుకుని, భోంచేసి ఓ కునుకు తీశాడు. ఇంకేముంది, ఉండిపోయింది. తోడల్లుడు గొడవకొస్తాడనుకుంటే, ఇంట్లో ఇంత ప్రశాంతత ఎన్నడూ ఎరగనని ఎదురు పళ్లబుట్ట పంపించాడు.

మేస్త్రికి బావమరిది మాటిచ్చాడు. తీరా కచేరీ రోజు పొద్దున ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఇవ్వనని కాదు. జలుబుతో రెండు చెవులూ దిబ్బెడేశాయి. తీసుకెళ్తే బావకి నా తుమ్ములు తప్ప ఇంకేం వినపడవు."

అక్క ఆ మాటే మొగుడి చెవి దగ్గర అరిచి చెప్పింది. మేస్త్రి ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

"పోన్లే. చూసొస్తాను. దేవుణ్ణి చూడబోయినవాడు, దేవుడు పలకలేదని అలుగుతాడా?"

కిటికీ అంచున ఆఖరి రివెట్టు ఒక్కటే ఉంది. ఆమె దాన్ని చూసింది, ఆయన్ని చూసింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుని చెవులకి ఆనించుకుంది.

"ఇటు తిరగండి."

"నీకెందుకే? రేపు డ్యూటీ..."

"ఇంటికి రాగానే ఇచ్చేద్దురుగాని. మీకసలే బస్సెక్కితే కునుకు. అది గుర్తుంటే చాలు."

అరచేతులు ఆయన చెవులకి ఆనించింది. ముందు కుళాయి చుక్క రాలిన చప్పుడు. తర్వాత బావమరిది ముక్కు ఎగబీల్పు. ఆ తర్వాత, ఎన్ని నెలలకో, భార్య గొంతు: "గుండీ తప్పు పెట్టుకున్నారు."

"నీ గొంతు ఇలా ఉంటుందని మర్చేపోయానే," అన్నాడు మేస్త్రి. ఆమెకి వినపడలేదు. గుండీ సరిచేసింది.

హాలు కిటకిటలాడుతోంది. నెరిసిన జుట్టుతో ఆవిడ వేదిక మీదికొచ్చి నోరు తెరిచింది. భార్యకి అదంతా చేపలతొట్టె చూసినట్టే ఉంది. ఎవరూ బస్సు గురించి అడగని పూట, హాయిగానే ఉంది. కాసేపటికి వేదిక వదిలేసి మొగుడి వైపు చూసింది. మోకాలి మీద ఆయన వేళ్లు సుత్తిలా ఆడుతున్నాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. కళ్లు మూసుకున్నాడు, గడ్డం వణికింది. ఇన్నేళ్లూ రొద, రొద అని తను కట్టేసిన రేడియో అవతల ఈ ముఖం ఉందన్నమాట. కచేరీ అయ్యేదాకా ఆమె ఇంకెటూ చూడలేదు.

తిరుగు బస్సులో కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతోంది. మేస్త్రి చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు, చెప్పాడు, తల వాల్చేశాడు. ఎడమ చెవి ఆమె భుజానికి అదుముకుపోయింది.

లేపడానికి ఆమె చెయ్యెత్తింది. కట్టుబాటు తెలియనిది కాదు. రేపు కిటికీ ముందు జనం నోళ్లు ఆడిస్తుంటే తను తెల్లమొహం వెయ్యడం కళ్ల ముందు కదిలింది. చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత మెల్లగా కిందికి దిగి, ఆయన కళ్లకి ఎండ తగలకుండా అడ్డం నిలిచింది. దిగేదాకా అలాగే ఉంది.

బ్రేకు కుదుపుకి మేస్త్రి మేలుకున్నాడు. గబగబా అరచేతులు తన చెవులకీ ఆమె చెవులకీ ఆనించాడు. ఏదీ కదల్లేదు.

"ఎంత పని చేశావే! ఎందుకు లేపలేదు?"

"అరవకండి. వినపడుతోంది," అంది ఆమె, అని తనే ఉలిక్కిపడింది.

ఇంటికెళ్లేలోగా లెక్క తేలింది. వినికిడి అసలు యజమానురాలి భుజానికి ఆనుకున్న చెవిలోది నిద్రలోనే సొంతింటికి వెళ్లిపోయింది. కుడి చెవిలోది అక్కడే వేరు పాతుకుంది. ఆయనకి కుడి, ఆమెకి ఎడమ. ఆమె ఆయన కుడిపక్కకి మారి నడిచింది. ఒకరి మాట ఒకరికి చక్కగా అందింది.

మర్నాడు మేస్త్రి మిగిలిన రివెట్టు జారవిడిచాడు. ఖంగుమంది. ఇద్దరూ చెరోవైపు నుంచి తల తిప్పారు. ఆమె డ్యూటీకి జడ వేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. నిన్నటి రెండో పాట, మలుపుతో సహా.

"అది నీకెలా వచ్చిందే?"

"బాగుందే!" అంది ఆమె, ఎడమ చెవి వెనక్కి జుట్టు దోపుకుంటూ. "నేను వినకపోతేనేం, నా చెవి వెళ్లి వినొచ్చిందిగా."