ఇంటి పన్ను చదివింపులు

నేను ఒక మైకు బాకాను. పెళ్లి పందిళ్ల గుంజలకూ, తిరునాళ్ల బళ్లకూ, ఎన్నికల ఆటోలకూ కట్టి ఉండే వెడల్పు నోటి అల్యూమినియం బాకాను. నాకు నాలుక లేదు. ఎవరు మాట్లాడితే వాళ్ల మాటే నా మాట. అందుకే నన్నెవరూ అబద్ధాలకోరు అనలేరు, సత్యసంధురాలు అని కూడా అనలేరు. నాకున్న గుణం ఒక్కటే, చిన్న మాటను పెద్దది చేయడం. ఆ గుణం మనుషుల్లోనూ ఉంది గాని, వాళ్లకు కరెంటు అక్కర్లేదు.

నేను పుట్టింది బెజవాడలో ఒక ఇరుకు సందులో, రేకుల షెడ్డులో. గుండ్రటి రేకును యంత్రానికి బిగించి గిరగిరా తిప్పుతూ, ఇనుప కడ్డీతో అదిమి అదిమి ఉమ్మెత్తపువ్వులా విప్పార్చారు. ఆ తిప్పుడుకు నాకు కళ్లు తిరిగాయి గాని, తర్వాత ఎన్నికల ప్రచారాలు చూశాక అదేమంత పెద్ద తిప్పుడు కాదని తెలిసింది.

మెట్టపాలెంలో మైకుసెట్టు అద్దెకిచ్చే ఖాజావలి నన్ను కొని, దుప్పట్లో చుట్టి, బస్సు టాపు మీద ఊరికి తెచ్చాడు. ఖాజావలి గొంతు మంచిది. అందుకని పెళ్లిళ్లలో మైకు కట్టడంతో పాటు చదివింపులు చదివే పని కూడా అతనికే అప్పగించేవారు. బంధువులు వరసగా వచ్చి పెళ్లివారి చేతిలో కట్నం పెడతారు. ఎవరు, ఏ ఊరు, ఏం వరస, ఎంత ఇచ్చారు అన్నది మైకులో చదవాలి. “కొత్తచెరువు వాస్తవ్యులు, వధువుకు మేనమామ, కొండారెడ్డి గారు నూతన దంపతులను ఆశీర్వదించి చదివించినది, అయిదు వందల పదహార్లూ!” అని ఖాజావలి చివరి అక్షరాన్ని సాగదీస్తే పందిట్లో ఆ మేనమామ తల నిటారుగా లేచేది. పక్కనున్న బాబాయి చెయ్యి జేబులోకి వెళ్లి ఇంకో నోటు కోసం వెతికేది. ఇవ్వడం మనుషులకు ఇష్టమే. ఇచ్చినట్టు నలుగురికీ తెలియడం ఇంకా ఇష్టం. ఇందులో తప్పేముందో నాకు తెలియదు.

ఎన్నికలొస్తే ఖాజావలి నన్ను ఆటో మీద కట్టేవాడు. పొద్దున ఒక పార్టీ, సాయంత్రం ఇంకో పార్టీ అద్దెకు తీసుకునేవి. పొద్దున నేను “మమ్మల్ని గెలిపిస్తే ఇంటి పన్ను మాఫీ” అని అరిచేదాన్ని. సాయంత్రం అదే వీధిలో “కుళాయి పన్ను కూడా మాఫీ” అనేదాన్ని. రెండు పార్టీలూ రోడ్లు వేస్తామన్నాయి, దీపాలు పెడతామన్నాయి, గడప గడపకూ నీళ్లు ఇస్తామన్నాయి. పన్నులుండవు, అన్నీ ఉంటాయి! ఇది ఎలా సాధ్యమని నాకు అనుమానం వచ్చేది. కాని బాకా అనుమానాలు ఎవరికి కావాలి?

తర్వాత పెళ్లిళ్లకు మనిషెత్తు స్పీకరు పెట్టెలు వచ్చాయి. ఖాజావలి నన్ను పంచాయతీకి అమ్మేశాడు. మైకు చూసుకునే పనికి తానూ అక్కడే కుదిరాడు.

అప్పుడే మాలకొండమ్మ కొత్తగా సర్పంచ్ అయింది. ఆమెది మెరక వీధి. ఊరికి పడమట గుట్ట వాలులో ఉన్న కాలనీ అది. ఊళ్లో ట్యాంకు నీళ్లు అంత ఎత్తు ఎక్కవు. అక్కడి ఆడవాళ్లు బిందెలతో కిందికి దిగి, బజారు కుళాయి దగ్గర వంతు కోసం నిలబడి, నీళ్లు పట్టుకుని మళ్లీ గుట్ట ఎక్కాలి. మాలకొండమ్మ కాపురానికి వచ్చిననాటి నుంచీ ఎక్కుతూనే ఉంది. సర్పంచ్ అయ్యాక కూడా బిందెలు మోసి, ఒక భుజం తడిసిన చీరతోనే పంచాయతీ ఆఫీసుకు వచ్చేది.

పై అధికారులు పైపులు ఇస్తామన్నారు. గుట్ట మీదికి నీళ్లు తోసే మోటారూ, దాని కరెంటు ఖర్చూ మాత్రం పంచాయతీయే పెట్టుకోవాలన్నారు. పంచాయతీ దగ్గర మాడిపోయిన వీధి దీపం మార్చడానికే డబ్బు లేదు. ఇంటి పన్ను కట్టేవాళ్లు అంత తక్కువ. అందుకని నన్ను ఆఫీసు మేడ మీద కట్టారు. “గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. ఇంటి పన్ను వెంటనే చెల్లించి గ్రామాభివృద్ధికి సహకరించగలరు” అని కార్యదర్శి గొంతుతో నేను రోజూ మొత్తుకునేదాన్ని. ఆ విజ్ఞప్తికి చలించినవి కాకులు మాత్రమే. ఎదురింటి బాలింత ఒకరోజు బయటికి వచ్చి, “ఆ గొట్టం నోరు మూయించండయ్యా, పిల్లోడు ఇప్పుడే పడుకున్నాడు!” అని అరిచి తలుపేసుకుంది.

సంగతి గ్రామసభకు వచ్చింది. ఆ రోజు ఆఫీసు ముందు షామియానా వేశారు. మాజీ సర్పంచ్ ఓబులరెడ్డి మైకు అందుకున్నాడు. ఆయన మాట్లాడితే నవ్వు పుడుతుంది, అందుకని జనం ముందుకు జరిగి కూర్చున్నారు.

“ఏమ్మా మాలకొండమ్మా! అగ్గిపెట్టె కొంటే పన్ను. సబ్బు కొంటే పన్ను. బండికి పెట్రోలు పోయిస్తే పన్ను. ఇన్ని కట్టినాక, నా ఇంట్లో నేను పడుకోడానికి మళ్లీ పన్నేందమ్మా?”

చప్పట్లు మోగాయి.

“మాకైతే నీళ్లే రావు గదా, మేమెందుకు కట్టాల?” అన్నారు మెరక వీధి ఆడవాళ్లు. “ముందు నీళ్లియ్యండి, తర్వాత పన్నడగండి.”

“ముందు పన్ను కడితేనే గదమ్మా నీళ్లు!” అన్నాడు కార్యదర్శి.

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు మాట అక్కడక్కడే తిరిగింది. మాలకొండమ్మ లేచింది. ఆమెకు మైకు అలవాటు లేదు. దూరంగా పట్టుకుంది. ఖాజావలి వెళ్లి మైకును ఆమె నోటి దగ్గరికి జరిపాడు.

“ఓబులరెడ్డన్నా, నువ్వు చెప్పేది అబద్ధం గాదు. అగ్గిపెట్టె మీద పన్ను పైకి పోతది. తిరిగి ఎంతొస్తదో, ఎప్పుడొస్తదో మన చేతిలో లేదు. ఇంటి పన్ను మాత్రం ఊరు దాటదు. మన పొయ్యి మీద మనం వండుకునే కూడు అది. మోటారుకి నాకు ఇంకో దారి లేదు.”

“ఇన్నేళ్లు కట్టినోళ్లు లేరా? వాళ్లకేం ఒరిగింది? ఆ డబ్బు ఏమైందో ఎవరన్నా చెప్పారా?” అన్నాడు ఓబులరెడ్డి.

“అన్నేళ్లూ నువ్వే గదయ్యా సర్పంచ్!” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

“అందుకే చెప్తన్నా! నన్ను గూడా ఒక్కడు అడగలా!” అన్నాడు ఆయన. సభంతా గొల్లుమంది. ఆయనా నవ్వాడు.

మాలకొండమ్మ నవ్వలేదు. “ఉగాదికి మెరక వీధికి నీళ్లెక్కకపోతే నేనీ కుర్చీలో కూచోను. బిందె ఎత్తుకుని నా దారిన నేను పోతా” అంది. నవ్వులు ఆగిపోయాయి. ఆమె కొంగు ముడి విప్పి, తన ఇంటి పన్ను కార్యదర్శి చేతిలో పెట్టి, “వలీ, కట్టానని చెప్పు” అంది.

ఖాజావలి ఆ మాట చెప్పడానికే మైకు తీసుకున్నాడు. కాని చేతిలో మైకు, ఎదురుగా షామియానా, డబ్బు చెయ్యి మారడం, ఈ మూడూ ఒకచోట చేరేసరికి అతని గొంతు పాత దారిలోకి వెళ్లిపోయింది.

“మెరక వీధి వాస్తవ్యులు, శ్రీమతి మాలకొండమ్మ గారు, మన పంచాయతీని ఆశీర్వదించి చదివించిన ఇంటి పన్ను, ఎనిమిది వందల పదహార్లూ!”

“పదహార్లు కాదయ్యా, ఇరవై!” అని కార్యదర్శి నెత్తి కొట్టుకున్నాడు.

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ఖాజావలి నాలుక కరుచుకున్నాడు. ఆ నవ్వులో చెంచమ్మవ్వ కర్ర ఊతంతో లేచి నిలబడింది. మనవలు ఎదిగినా ఒంటరిగా బతుకుతూ, పింఛనులోంచి ఏటా పన్ను కట్టే ముసలమ్మ ఆమె.

“ఒరే వలీ! నేను పోయిన నెల్లోనే కట్టా గదరా. నా పేరేదిరా?”

ఖాజావలి మాలకొండమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. “గొల్లబజారు వాస్తవ్యులు, శ్రీమతి చెంచమ్మ గారు...” అని అతను మొదలుపెట్టాడు. అంతా అయ్యాక అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఇంకోసారి చదువు నాయనా, నాకు సరిగా వినపళ్లా” అంది. ఆమెకు స్పష్టంగానే వినిపించిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

మర్నాటి నుంచి ఆఫీసు అరుగు మీద పెళ్లి సందడి. కాలనీ ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరు మీద ఉంటాయి. అందుకని మెరక వీధి నుంచి పన్ను కట్టినప్పుడల్లా ఒక ఆడమనిషి పేరు ఊరి మీదికి ఎగిరేది. ఎన్ని పెళ్లిళ్లలో ఎన్ని వందల పేర్లు పలికానో, అన్నీ మగవాళ్లవే. నోటు మడిచి ఇచ్చేది భార్య, పలికేది మొగుడి పేరు. ఇప్పుడు నాగరత్నమ్మ, దేవకుమారి, షేక్ మాబున్నీ అంటూ పలుకుతుంటే నా రేకుకే కొత్త మెరుపు వచ్చినట్టయింది. నాట్లకు పోయిన ఆడవాళ్లు పొలంలో నడుం ఎత్తి, చెవులు రిక్కించి వినేవారట. తూర్పు బజారు పేర్లు రెండు రోజులు వినిపించకపోతే గొల్లబజారు వాళ్లు, “ఏం, మీ బజారులో ఇళ్లు కూలిపొయ్యాయా?” అని వేళాకోళం చేసేవారు. ఇక తూర్పు బజారు ఊరుకుంటుందా?

“పన్ను కట్టనోళ్ల పేర్లు గూడా చదివిద్దాం మేడమ్, సిగ్గొస్తది” అన్నాడు కార్యదర్శి.

“పెళ్లిలో చదివించనోళ్ల పేర్లు ఎవరన్నా చదువుతారా?” అంది మాలకొండమ్మ. “వాళ్ల ఇంట్లో ఏం ఇబ్బందుందో. వద్దు.” ఆ మాట మైకులో అనలేదు. అయినా ఊరంతా చేరింది. మంచి మాటకు కూడా అప్పుడప్పుడు బాకా అవసరం ఉండదు.

ఓబులరెడ్డి మాత్రం ఊరికే ఉండే మనిషి కాదు. తర్వాతి సభలో లేచి, “చదివింపులంటే ఊరికే పొయ్యే డబ్బు గాదు. నా ఇంట పెళ్లికి నువ్వు చదివిస్తే, నీ ఇంట పెళ్లికి నేను తిరిగి చదివించాల. అది మర్యాద. మరి పంచాయతీ మాకేం తిరిగి చదివిస్తది?” అన్నాడు.

ఆయన వేసిన దెబ్బల్లో అది గట్టిది, ఎందుకంటే అది న్యాయమైనది. మాలకొండమ్మ “నిజమే అన్నా. బాకీ మాదే” అంది. ఆ నెల నుంచి పంచాయతీ ఖర్చు కూడా నా నోటితోనే చదివించింది. “గొల్లబజారు వాస్తవ్యులకు, పంచాయతీ వారు తిరిగి చదివించినది, వీధి దీపాలు! తూర్పు బజారుకు, మురికి కాలవ పూడిక!” అని ఖాజావలి అదే రాగంలో, ఖర్చుతో సహా చదివేవాడు. ఆఫీసులో టీ ఖర్చు చదివిన రోజున “అన్ని టీలెవరు తాగారమ్మా?” అని కింద నుంచి కేక వచ్చింది. మరుసటి నెల టీలు సగానికి పడిపోయాయి. కార్యదర్శి మొహం కూడా కొంచెం పీక్కుపోయింది.

మోటారు వచ్చిందని చదివిన రోజు సాయంత్రం ఓబులరెడ్డి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పాత బాకీతో సహా పన్ను కట్టి, అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, తన పేరు వినడానికి. ఖాజావలి రసీదు చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. ఎప్పుడో ఏదో వెసులుబాటు కోసం ఆయన ఆఫీసు పక్కనే ఉన్న తన మేడను భార్య పేర రాయించాడు.

“తూర్పు బజారు వాస్తవ్యులు, శ్రీమతి ఆదిలక్ష్మమ్మ గారు...”

ఓబులరెడ్డి కాలు కిందికి దిగింది. మేడ మీద వడియాలు ఎత్తుతున్న ఆదిలక్ష్మమ్మ చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత పిట్టగోడ దగ్గరికి వచ్చి, “ఏమండీ, నేనేనా?” అని అరిచింది.

“నువ్వేలే, ఈ ఊళ్లో ఇంకెవరున్నారు ఆ పేరుతో!” అన్నాడు ఆయన. విసుగ్గా అందామనుకున్నాడు గాని, మీసాల కింద నవ్వు దాగలేదు.

ఉగాదికి ముందు ఒక ఉదయం ఖాజావలి నన్ను దించి, బ్యాటరీతో సహా తోపుడు బండి మీద గుట్ట ఎక్కించాడు. మెరక వీధి మొదట్లో కొత్త కుళాయి. దాని చుట్టూ ఊరు. బిందెలు తెచ్చిన ఆడవాళ్లున్నారు, ఊరికే చూడడానికి వచ్చిన ఓబులరెడ్డి దంపతులూ ఉన్నారు. కింద మోటారు వేశారు. కుళాయి ముందు దగ్గింది. గాలి చీదింది. ఎర్రటి చుక్కలు రెండు రాల్చి ఊరుకుంది. మాలకొండమ్మ పెదవులు తెల్లబడ్డాయి. అంతలో పైపు లోపల ఎక్కడో గుడగుడమంది. నీళ్లు ధారగా దూకాయి.

ఈలలు, కేకలు, అరుపులు. ఖాజావలి మైకును మాలకొండమ్మ చేతికిచ్చి, “చదువక్కా, పంచాయతీ వారు మెరక వీధికి తిరిగి చదివించినది, అను” అన్నాడు. ఆమె మైకును కిందికి వంచి కుళాయి దగ్గర పెట్టింది.

నేను ఎందరివో గొంతులు మోశాను. ఆ ఉదయం నీటి గొంతు మోశాను. గుట్ట మీద నుంచి నీళ్ల చప్పుడు మెట్టపాలెం మీద పడింది, బజారు కుళాయి మీద, పంచాయతీ ఆఫీసు మీద, చెంచమ్మవ్వ గడప మీద. కింద ఉన్నవాళ్లు వాన అనుకుని బయటికి వచ్చి ఆకాశం చూశారట.

బిందె నిండి, నీళ్లు పొర్లి, వాలు వెంట పారుతున్నాయి. ఓబులరెడ్డి ఇక పట్టలేకపోయాడు.

“కట్టెయ్యమ్మాయ్, కట్టెయ్! ఊరికే పోతన్నాయి! ఎవరి డబ్బులనుకుంటన్నావు, మనందరివీ!”

మాలకొండమ్మ కుళాయి మీద చెయ్యి వేసింది గాని తిప్పలేదు.

“ఉండన్నా” అంది, నా నోటితో, ఊరంతటికీ వినిపించేలా. “ఇంకాసేపు విననియ్యి.”