కోచ్ బయట ఉండాలి

మా ఆఫీసు ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ పై అంతస్తులో ఉంది. కింద రోజంతా చావుకేకలు రికార్డు చేస్తారు, పైన మేం ఆన్‌లైన్‌లో జనాన్ని కొట్టిస్తాం. మా ఆటలో మీరు చెయ్యెత్తక్కర్లేదు. బోనులో కొట్టుకునే ఒక ఫైటర్‌ని తయారుచేసుకుని, తర్ఫీదు ఇప్పించి, సమవుజ్జీతో పోటీకి దించుతారు. ఆ సమవుజ్జీ ఎవరో తేల్చే రూల్సు రాసేది నేనే. నా పేరు జెరూష.

పాయింట్లలో వందకు మించి తేడా ఉంటే పోటీ లేదు. తలకు దెబ్బ తగిలినవాడు డాక్టరు అడిగే మూడు ప్రశ్నలకు జవాబు చెబితేనే మళ్ళీ బోనులోకి. అడిగేటప్పుడు కోచ్ గది బయట ఉండాలి.

ఆ చివరి రూలు మా తమ్ముడు శామ్సన్‌ది. వాడు సినిమాల్లో ఫైటరు, హీరోల బదులు మెట్ల మీంచి దొర్లుతాడు. "కోచ్‌ని బయటికి పంపాలె అక్కా. పక్కనుంటే కళ్ళతోనే జవాబు అందిస్తడు. మా సెట్ల ప్రాంప్టింగ్ లేకుంటే హీరోకి సొంత పేరు గూడ రాదు" అని నవ్వాడు.

నిన్న షూటింగులో వాడి తల వెనక మెట్టు అంచు తగిలిందట. పొద్దున బోరబండలో మా ఇంట్లో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. వెళ్ళొద్దంటే, "ఏం గాలె అక్కా, ఫికర్ జెయ్యకు. సగం షాట్ నిన్న అయింది. కంటిన్యుటీకి నేనే ఉండాలె" అని వెళ్ళిపోయాడు. నేనూ వెళ్ళనిచ్చాను. తొమ్మిదింటికి మీటింగు ఉంది మరి, మహా మీటింగు!

మీటింగులో మా బాస్ రాఘవేంద్ర, "జెరూష గారూ, సాయంత్రం మన ఆటలో ఛాంపియన్ బోనులోకి దిగాలండీ. లక్షమంది చూస్తారు. మొన్న తలకు తగిలిందని మీ డాక్టరు రెండుసార్లు ఫెయిల్ చేశాడు. ఆ కోచ్ రూలు తీసెయ్యండి" అన్నాడు. ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. తీసేశాను. తీసేస్తుంటే వాకిట్లో తారుమారైన ఆ చెప్పులే కళ్ళముందు కనబడ్డాయి. ఇక కూర్చోలేక ఆటో ఎక్కాను.

జూబ్లీహిల్స్‌లో షూటింగులకు కిరాయికిచ్చే బంగళా అది. శామ్సన్ వరండాలో హీరో బట్టల్లో కూర్చుని ఉన్నాడు. ఫైట్లలో వాడి జోడీ తిరుమలేశ్ నీళ్ళ సీసాతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఇయ్యాల ఏం వారంరా?" అని అడిగాను.

"శుక్రవారం."

"నిన్న ఏ షాట్ తీశారు?"

నా వెనక్కి ఓసారి చూసి, "మెట్ల మీంచి పడేది" అన్నాడు.

"మనిల్లు ఎక్కడ?"

"బోరబండ. ఏంది అక్కా, గీ పరీక్షలు?"

మూడూ సరిగ్గానే చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. వాడి చెంప తట్టి, వచ్చిన ఆటోలోనే వెనక్కి బయల్దేరాను. దారిలో దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

ఆటో చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర ఆగింది. రాఘవేంద్ర మెసేజ్ వచ్చింది: "సూపరండీ! కోచ్ పక్కనుండగానే ఛాంపియన్ ఫస్ట్ టైమ్ పాసైపోయాడు."

'కోచ్ పక్కనుండగానే' అన్నమాట మళ్ళీ చదివాను. జవాబులు చెబుతున్నంతసేపూ శామ్సన్ నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. వెనక తిరుమలేశ్ ఉన్నాడు. పాపం, మంచివాడే. జోడీగాడి షాట్ పోకూడదని అందించి ఉంటాడు.

"అన్నా, ఆటో తిప్పు! జల్ది!" అని అరిచాను. డ్రైవర్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. గేటు దగ్గరికి రాగానే లోపల మైకులో "రెడీ" అని వినబడింది. చెప్పులు వదిలేసి పరిగెత్తాను. మేడ మెట్ల పైన శామ్సన్ నిలబడి ఉన్నాడు, రెయిలింగు పట్టుకుని. కింద కెమెరా.

కెమెరా ముందు నుంచే మెట్లెక్కాను. ఎవరో "కట్" అన్నారు. ఫైట్ మాస్టర్ నోటికొచ్చినట్టు తిట్టాడు. తిరుమలేశ్ అడ్డమొచ్చి, "అక్కా, ఒక్క షాటే" అన్నాడు. వాణ్ణి తోసేసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని పైన మేకప్ గదిలోకి లాక్కెళ్ళి గడియ పెట్టాను. వాడి చెయ్యి చెమటతో జారిపోతోంది.

కుర్చీలో కూర్చోబెట్టి వాడి ఎదురుగా నిలబడ్డాను.

"శామ్సన్, మనిల్లు ఎక్కడరా?"

వాడు నవ్వబోయాడు. తర్వాత నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. నా వెనక మూసిన తలుపు తప్ప ఏమీ లేదు. వాడు దానివంకే చూస్తూ, ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూశాడు.