వేలెడు సందు

షెడ్డు తనది. పని నేర్పింది తను. అయినా పళ్ళ డాక్టరమ్మ కారు దిగీ దిగగానే "తమ్ముడు లేడా?" అని అడుగుతుంది. అది విన్నప్పుడల్లా మేస్త్రీకి ఒళ్ళు మండిపోతుంది. ఆ తమ్ముడు స్వయానా ఆయన బావమరిది. నాలుగేళ్ళ కిందట స్పానరు పట్టుకోవడం కూడా రాని శుద్ధమొద్దు.

ఆ రోజు ఆవిడ కారుని నేలకి ఇంకాస్త దించడానికి కొత్త స్ప్రింగుల సెట్టు వేస్తున్నారు. కొలతలు తీసింది, ఎత్తు సరిచేసే రింగులు తిప్పింది అంతా బావమరిదే. వాడి ప్రతి మాటకీ డాక్టరమ్మ తలూపుతోంది. మేస్త్రీ పక్క బండి దగ్గర లేని పని కల్పించుకుని ఓరకంట చూస్తున్నాడు.

ఆవిడ ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్ళింది. వాడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. మేస్త్రీ గబగబా లిఫ్టు మీదున్న కారు కిందికి దూరాడు. చక్రాల్ని పట్టి ఉంచే ఇనప ఆర్ముల బోల్టులు వదులుగా ఉన్నాయి!

'మరిచిపోయాడు వెధవ!' ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఎడమవైపువి కసిదీరా బిగించాడు. 'నేను చూడబట్టి సరిపోయిందమ్మా' అని ఆవిడతో ఎలా అనాలో కూడా అనుకున్నాడు. ఇంతలో అడుగుల చప్పుడైతే ఇవతలికి వచ్చేశాడు.

డాక్టరమ్మ రాగానే బావమరిది కారు దించాడు. కుడివైపు చక్రానికీ రేకుకీ మధ్య వేలెడు సందు. ఎడమవైపు రెండు వేళ్ళు పట్టేంత.

"ఇదేంటి, ఒక పక్కకి ఒరిగింది?" అందావిడ.

మేస్త్రీకి అప్పుడు గుర్తొచ్చింది. బరువు చక్రాల మీద పడ్డాకే బోల్టులు బిగించాలని, గాల్లో బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి బండి పైకి తంతుందని వాడికి మొట్టికాయలు వేసి మరీ నేర్పింది తనే. వాడు మరిచిపోలేదు. కావాలనే వదిలాడు.

బావమరిది వంగి ఎడమ బోల్టు తడిమాడు. ఒక్కసారి బావ వంక చూశాడు.

"నాదే పొరపాటమ్మా. తొందరపడి పైనుండగానే బిగించేశాను."

తిట్టినా బాగుండేది. వాడు జాలిపడటం మేస్త్రీ భరించలేకపోయాడు.

"వాడు కాదమ్మా, బిగించింది నేను."

డాక్టరమ్మ నవ్వేసింది. "ఊరుకోండి మేస్త్రీగారూ! ఇంత అనుభవం ఉన్న మీరు అలా చేస్తారా? బావమరిదిని భలే వెనకేసుకొస్తారే!"

అన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని మెచ్చుకోవడం అదే మొదటిసారి.

"తమ్ముడూ, నువ్వే సరిచెయ్యి" అందావిడ.

వాడు కారు పక్కన పడుకుని, కింద నుంచి చెయ్యి చాపాడు. మేస్త్రీ స్పానరు అందించాడు.