కార్డు కింద మాట

మా చెల్లెలు మిన్నీని మూకీ సినిమాల్లో మిరాబెల్ స్టోన్ అంటారు. కళ్ళతో మాట్లాడుతుందని పత్రికలవాళ్ళు తెగ రాశారు. కళ్ళూ లేదు, కాకరకాయా లేదు. అది పెదాలతో మాట్లాడేది, అదీ నాతో. నేను పుట్టు చెవిటిదాన్ని. చిన్నప్పుడు భోజనాల బల్ల దగ్గర నాన్న పక్కకు తిరగ్గానే, చప్పుడు కాకుండా పెదాలు కదిపి నాకు కబుర్లన్నీ చెప్పేది. ఆ విద్యే కాలిఫోర్నియాలో నటన అయి కూర్చుంది.

ప్రతి సినిమాలోనూ నాకో కబురు పెట్టేది. హీరో కౌగిట్లో ఏడుస్తూ ఏదో అంటుంది. వెంటనే "ప్రాణనాథా, మీరు లేని బతుకెందుకు" అని తెర మీద మాటలు రాసిన కార్డు పడుతుంది. హాల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటారు. అది అన్నది మాత్రం, "అక్కా, వీడు మళ్ళీ ఉల్లిపాయలు తిని తగలడ్డాడు" అని. నేను పగలబడి నవ్వితే పక్కావిడ డొక్కలో పొడిచేది.

తర్వాత తన సినిమాలు తీసే డైరెక్టర్నే పెళ్ళి చేసుకుంది. అప్పట్నుంచి ఉత్తరాలు టైపు కొట్టి వచ్చేవి. అందులో అంతా క్షేమమే, మా మిన్నీ మాత్రం లేదు. కొన్నాళ్ళకు అవీ ఆగిపోయాయి.

ఈ మార్చిలో దాని సినిమా మా ఒహాయో ఊరికి వచ్చింది. పెద్ద ఊళ్ళన్నీ తిరిగి, ఏడాది పాతబడి, రీలు నిండా గీతలతో వచ్చింది. మిన్నీ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని సూటిగా నాకేసి చూసింది.

"అక్కా, ఈ సినిమా అవగానే మా ఆయన నన్ను పిచ్చాసుపత్రిలో పడేస్తాడు. నాకేం పిచ్చి లేదు. వచ్చి తీసుకుపో. ఆ ఊరి పేరు..."

కార్డు పడింది. "దేవా, నా బిడ్డను కాపాడు!"

నేను లేచి అరిచానట. నా గొంతు బాగుండదు కాబట్టి బయటికి పంపేశారు.

మా తమ్ముడు ఓటిస్ చేత కంపెనీకి టెలిఫోన్ చేయించి, వాడి పెదాలే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ సినిమాలు మానేసి విశ్రాంతి తీసుకుంటోందట. మొగుడు యూరప్ వెళ్ళాడట. ఎక్కడుందో ఎవరికీ తెలీదట.

"పెదాలు చూసి నువ్వే ఏదో ఊహించుకున్నావేమో అక్కా," అన్నాడు ఓటిస్. వాడికి చెవులున్నాయి, ఏం లాభం.

మర్నాడు పొద్దున్నే హాల్లో మెషీన్ నడిపే లండీ దగ్గరికి పోయి, ఆ కార్డు తీసేసి చూపించమన్నాను. కార్డంటే తెరకు అడ్డం పెట్టిన పరదా అనీ, దాని వెనకాల మిన్నీ మాట్లాడుతూనే ఉంటుందనీ ఇన్నేళ్ళూ అనుకున్నాను.

"కార్డు కింద బొమ్మ ఉండదమ్మా," అన్నాడు లండీ. "అక్కడి బొమ్మ కోసేసి, ఆ చోట కార్డు అతికిస్తారు."

కోసిన ముక్క ఏమవుతుందని అడిగాను. చెత్తలోకి పోతుందన్నాడు. నేను నమ్మలేదు. కాళ్ళావేళ్ళా పడ్డాను. పాపం, నా తృప్తి కోసం కార్డు కత్తిరించి, రెండు కొసలూ అతికించి, ఖాళీ హాల్లో నా ఒక్కదానికోసం ఆడించాడు.

"ఆ ఊరి పేరు," అంది మిన్నీ. మరుక్షణం దాని నోరు మూసుకుని ఉంది. చెప్పేసింది కదా మరి. ఇక నేను బయల్దేరడమే తరువాయి అన్నట్టు, నిశ్చింతగా నాకేసి చూస్తోంది.