ఆవిరి వంగిన వైపు

పలమనేరులో అందరికీ ఆదివారం సెలవు. నాగవేణికి మాత్రం ఆదివారం ఉర్లగడ్డల రోజు. వారంలో ఆరు రోజులు మూడు పూటలా వండే మనిషి ఏడో రోజున మరికాస్త ఎక్కువ వండాలన్న నియమం ఎవరు పెట్టారో గానీ, వాడు జన్మలో పొయ్యి ముందు నిలబడినవాడు కాడు.

పొద్దున ఎనిమిదికల్లా ఆమె రెండు కిలోల ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, కడిగి, ముప్పాతిక వంతు ఉడికించి, తొక్క తీసి చక్రాలుగా కోసేది. బాణలిలో వెన్న కరిగించి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేయించి, మైదా చల్లి, పచ్చివాసన పోయాక పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టకుండా కలిపేది. అందులో అప్పటికప్పుడు దంచిన మిరియాలు వేసేది. లోతైన గాజు గిన్నెలో ఒక వరుస ఉర్లగడ్డలు, వాటి మీద చిక్కటి ఆ పాలు, దాని మీద తురిమిన చీజు, మళ్లీ ఉర్లగడ్డలు. అన్నిటికీ పైన రస్కుల పొడి, వేయించి నలిపిన కరివేపాకు. నలభై నిమిషాలు ఓవెన్‌లో ఉంచితే పైన ఎర్రగా కాలి, అంచుల్లో బుడబుడమంటూ బయటికొచ్చేది. పదకొండేళ్ల కిందట ఫోనులో ఎవరో చేస్తుంటే చూసి నేర్చుకుని, నాలుగుసార్లు మాడబెట్టి, ఐదోసారి తన చేతికి తెచ్చుకుంది. దాని అసలు పేరు నోరు తిరగక ఇంట్లోవాళ్లు ‘ఉర్లగడ్డ చీజు’ అనేవాళ్లు.

ఆ ఇంట్లో వండినవాళ్లు చివర తినాలి. ఎందుకు అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. “మా అత్త అట్లనే తినింది, నేనూ అట్లనే తింటి” అనేది అత్త జ్ఞానాంబ. ఆమె ఇప్పుడు బల్ల దగ్గరే కూర్చుంటుంది గానీ, పళ్లెంలో పడిందల్లా “నాకు పళ్లు లేవు నాయనా” అంటూ కొడుకుల పళ్లాల్లోకి తోసేస్తుంది. కొడుకులు ఎత్తిన తల దించకుండా తింటారనుకుంటే పొరపాటు. దించిన తల ఎత్తకుండా తింటారు. అందరూ లేచాక నాగవేణి గిన్నె అంచుకు అతుక్కున్నది గీక్కుని, చారన్నం కలుపుకునేది.

ఇక ఆవిరి సంగతి. నాగవేణి చేసిన గిన్నె బల్ల మీద పెట్టగానే అందులోంచి ఆవిరి జానెడు ఎత్తు నిటారుగా లేచి, కాసేపు ఆగి, ఆ ఇంట్లో ఎవరికి ఎక్కువ ఆకలిగా ఉందో వాళ్ల వైపు వంగేది. వీధిలో అందరికీ తెలుసు. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన ఇమ్మానుయేల్ కోసం ఒకసారి వీధి గుమ్మం దాకా పోయింది. ఆయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదని ఒప్పుకుని, చేతులు కడుక్కుని, సుబ్బరంగా తిని, మీటరు చూడడం మర్చిపోయి వెళ్లిపోయాడు. పాలు కాగితే పొంగుతాయి, ఆవిరి లేస్తే వంగుతుంది. అందులో చెప్పుకోవడానికి ఏముంది?

చెప్పుకోవలసింది వేరే ఉంది. ఆ ఒక్కసారి తప్ప ఆ ఆవిరి ఏ ఆదివారమైనా వంటింటి వైపే వంగేది, తలుపు పక్కన గరిటె పట్టుకుని నిలబడ్డ నాగవేణి వైపు. మొదటి ఏడాది అది చూసి బల్ల దగ్గర అందరూ ఇబ్బందిగా కదిలేవాళ్లు. రెండో ఏడాది మరిది ధనశేఖర్ ఉపాయం కనిపెట్టాడు. ఆమెకు ఒక పళ్లెం పెట్టడం కాదు ఆ ఉపాయం. వంటింటి తలుపు మూసి, పైన ఫ్యాను వేయడం! ఫ్యాను గాలికి ఆవిరి చెదిరిపోతే అది ఎటు వంగిందో ఎవరికి తెలుస్తుంది? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే. నాగవేణి భర్త మునిప్రసాద్ ఒకసారి ఫ్యాను వైపు చూశాడు, ఒకసారి తలుపు వైపు చూశాడు, తర్వాత తినసాగాడు. కిరాణా దుకాణంలో పదిమందితో బేరమాడే నోరు ఇంట్లో నమలడానికి తప్ప తెరిచేవాడు కాదు.

ఇలా ఉండగా ఒక గురువారం ధనశేఖర్ ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

“అమ్మా, రేణిగుంటలో హోటలు నడిపే పంకజాక్షమ్మ ఉండాది సూడు, ఆమె ఈడ బెంగళూరు రోడ్డు మీద కొత్త హోటలు పెడతా ఉండాది. ముందు పక్క ఒక అంగడి ఉర్లగడ్డ చీజుకు ఇస్తానంటాది. ఆదివారం మనింటికొచ్చి తిని సూస్తాదంట. నీ చేతి వంటని చెప్పినా.”

జ్ఞానాంబ బిత్తరపోయింది. “నాదా? నాకు ఆ ఓవెను మీట నొక్కేదే తెలీదు గదరా!”

“నొక్కేది వొదిన నొక్కుతాది. బోర్డు మీద నీ బొమ్మ పెడతాం, నీ పేరు పెడతాం. పెద్దామె బొమ్మ ఉంటే జనం నమ్మతారు. వొదినకు పొద్దున నాలుగ్గంటలకు ఆటో పంపిస్తా, రాత్రి తొమ్మిదికి దింపుతాడు. వెనకాల వంటింట్లో ఆమె పని ఆమెది. ఎవురికీ కనపడే పని లేదు.”

“నాగవేణిని అడిగినావా?”

“ఇంట్లో మనిషిని అడిగేదేముండాదిమా?”

బీన్సు తరుగుతున్న కత్తి ఆగింది. నాగవేణి వంటింట్లోంచి బయటికొచ్చింది.

“ధనశేఖరా, నేను చేసేదానికి అత్త బొమ్మ ఎందుకు?”

“ఇంటి పేరు కోసం వొదినా. ఇల్లు వేరు, నువ్వు వేరా?”

ఇల్లూ ఆమే ఒకటేనట! తినేటప్పుడు వేరు, వండేటప్పుడు ఒకటి. సొమ్మొకడిది సోకొకడిది అన్న మాట ఊరికే పుట్టలేదు. నాగవేణి, అప్పుడే దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్న భర్త వైపు తిరిగింది. “మీరేమంటారు?”

“సూద్దాంలే” అన్నాడు మునిప్రసాద్.

నాగవేణికి ఒళ్లు మండిపోయింది. ఈ ఆదివారం ఆ పంకజాక్షమ్మ తిని బాగుందని తలూపిందంటే చాలు, తన బతుకు ఈ చిన్న వంటింట్లోంచి మరో పెద్ద వంటింట్లోకి పోతుంది. పొద్దున నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా. పోనీ బాగా చేయకుండా చెడగొడదామా అంటే ఆ ఆలోచనకే ఆమె చేతులు ఒప్పుకోలేదు. తప్పు వాళ్లదైతే ఉర్లగడ్డల మీద కక్ష ఎందుకు?

ఆదివారం వచ్చింది. గిన్నె ఓవెన్‌లోకి వెళ్లింది. పదకొండు గంటలకు జ్ఞానాంబ ఒక పళ్లెంలో నాలుగు ఇడ్లీలు, చెనిక్కాయల చట్నీ పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

“తినమ్మా. కడుపు నిండా తిను.”

నాగవేణి పళ్లెం వైపు చూసింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక వడ్డించిన పళ్లెం తన ముందుకు రావడం అదే మొదలు. ఒక్క క్షణం, ఎందుకు దాచాలి, ఆమె మనసు కరిగింది కూడా.

“ఏమత్తా, ఈ పొద్దు కొత్తగా?”

జ్ఞానాంబకు అబద్ధం చెప్పడం చేతకాదు. “ధనశేఖరుడు పెట్టమన్నాడే. కరెంటు పోతా వస్తా ఉండాది గదా. ఫ్యాను ఆగిపోయి, వచ్చినామె ముందర ఆవిరి నీ తట్టు తిరిగితే బాగుండదంట.”

అయితే వీళ్లకు తెలుసు! నాలుగు ఇడ్లీలతో తీరే ఆకలి అని అందరికీ తెలుసు. ఇన్నేళ్లూ నాగవేణి, వాళ్లకు తోచలేదేమో, మగవాళ్లు కదా, మతిమరుపేమో అని సర్దిచెప్పుకుంటూ వచ్చింది. మతిమరుపూ కాదు, మన్నూ కాదు. తెలిసి, చూసి, తలుపు మూసి తిన్నారు. ఈ రోజు పరువు కోసం ఆమె కడుపు నింపడానికి వచ్చారు. కరిగిన మనసు మళ్లీ గడ్డకట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

“నేను ఒక్కపొద్దత్తా” అంది.

“ఆదివారం ఏం ఒక్కపొద్దే?”

“మొక్కుకున్నా.”

“ఎవురికి?”

“చెప్పకూడదు.”

ఇక జ్ఞానాంబ చేయగలిగింది ఏమీ లేదు. తిరుమల కొండ కింద పుట్టి పెరిగిన మనిషి. శనివారాలు, గంగమ్మ జాతర, ఏది వచ్చినా ఉపవాసమే. కొడుకు కోసం అబద్ధానికి తల ఊపగలదేమో గానీ, ఒకరి ఒక్కపొద్దు చెడగొట్టే పాపం మాత్రం నెత్తిన వేసుకోదు. పళ్లెం అక్కడే పెట్టి, మూత పెట్టి వెళ్లిపోయింది.

పన్నెండున్నరకు పంకజాక్షి వచ్చింది. యాభై దాటిన మనిషి. నూలు చీర, బరువైన నడక. కూర్చోగానే బల్ల మీది నీళ్ల చెంబు తనే అందుకుని తాగింది. ధనశేఖర్ “రాండి, కూసోండి” అని ఆమె కూర్చున్నాక కూడా అంటూనే ఉన్నాడు. గుడ్డ పట్టుకుని గిన్నె తానే తెచ్చి బల్ల మీద పెట్టాడు. వస్తూ వస్తూ మడమతో వంటింటి తలుపు మూశాడు. ఫ్యాను తిరుగుతోంది. అంతా సవ్యంగా ఉందనుకునేలోగా కరెంటు పోయింది.

ఫ్యాను రెక్కలు మెల్లగా ఆగాయి. ఆవిరి నిటారుగా లేచింది. ధనశేఖర్ పళ్లెంతో గాలి విసరబోయాడు, పంకజాక్షి చెయ్యెత్తి ఆపింది. ఆవిరి ఆమెను దాటింది, ధనశేఖర్ తల మీదుగా, మునిప్రసాద్ భుజం పక్కగా పోయి తలుపును తాకింది. దారి లేక కిందికి జారి, తలుపు సందులోంచి లోపలికి దూరింది. లోపల నిలబడి ఉన్న నాగవేణి పాదాలకు వెచ్చగా తగిలింది.

“మా పెద్దమ్మ ఇంట్లో పాయసం ఆవిరి ఇట్లనే తిరిగేది” అంది పంకజాక్షి. “లోపల ఎవురుండారు?”

“ఎవురూ లేరమ్మా” అన్నాడు ధనశేఖర్.

“ఎవురూ లేకుంటే ఈ ఆకలి ఎవురిదప్పా?”

తలుపు తెరుచుకుంది. “నాది” అంది నాగవేణి. “వండింది నేను. ఆకలీ నాదే.”

“మా వొదిన” అన్నాడు ధనశేఖర్ హడావుడిగా. “అమ్మకు పక్కన సాయం చేస్తాది. వంట అమ్మదే.”

“వంట ఎవురిదో తర్వాత సూద్దాం. ముందు ఆమెకు పెట్టండి. ఆవిరి ఒకరి తట్టు తిరిగినాక నేను తింటే నాకు గొంతు దిగదు.”

మునిప్రసాద్ లేచి తన కుర్చీ వదిలిపెట్టాడు. పదకొండేళ్లలో అతను చేసిన పెద్ద పని అది, అదీ పరాయి మనిషి చెబితే. నాగవేణి కూర్చుంది. “ఒక్కపొద్దంటివే” అని జ్ఞానాంబ గొణిగింది. “ఒక పూట తినొచ్చు గదత్తా. ఆ పూట ఇదే” అని నాగవేణి గిన్నె దగ్గరికి లాక్కుని, నడిమధ్యలో గరిటె దించి, నిండుగా వడ్డించుకుంది.

అందరూ చూస్తుండగా తిన్నది. పైన కరకరలాడింది, లోపల వెన్నలా జారింది, చివర్లో మిరియం నాలుకను చురుక్కుమనిపించింది. వేడివేడిగా ఆ వంట తినడం ఆమెకు అదే మొదటిసారి. ఇంత బాగా చేస్తున్నానా ఇన్నాళ్లూ అని తన మీద తనకే కోపం వచ్చింది. రెండోసారి వడ్డించుకుంది.

ఆమె పళ్లెం ఖాళీ అయ్యేసరికి ఆవిరి ఆమెను వదిలి మళ్లీ నిటారుగా లేచింది. ధనశేఖర్ తన పళ్లెం ముందుకు జరిపాడు. ఆవిరి అతన్ని దాటి, బల్ల చివర కూర్చున్న జ్ఞానాంబ వైపు వంగింది. ముసలామె వెనక్కి జరిగింది. ఆవిరీ జరిగింది. ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది.

“నాకేం ఆకలి లేదు. నాకు పళ్లు లేవు.”

నాగవేణి ఆమె వైపు తిరిగింది. “ఎప్పట్నించి అత్తా?”

“పెండ్లయినప్పట్నించి” అంది జ్ఞానాంబ, కొంగు చాటునుంచి.

“నువ్వు కడుపు మాడ్చుకుని నన్ను కూడా మాడ్చినావా? ఒక్క మాట అనుంటే ఇద్దరం వంటింట్లోనే వేడివేడిగా తినుందుము గదా! నీకు జరిగిందని నాకూ జరగల్నా?” నాగవేణి గొంతు వీధిలోకి వినిపించింది. కోపంతోనే లేచింది, కోపంతోనే మెత్తటి భాగం చూసి వడ్డించింది, చెంచాతో నలిపి పళ్లెం అత్త ముందు టక్కున పెట్టింది. “తిను. ఒక్క ముక్క ఎవురి పళ్లెంలోకైనా తోసినావంటే సూడు.”

జ్ఞానాంబ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముద్ద పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, వేడికే అయి ఉండొచ్చు.

పంకజాక్షి తనూ ఒక గరిటె వడ్డించుకుని తిని చూసి, జ్ఞానాంబనే అడిగింది. “పెద్దామె, నువ్వు చెప్పు. ఇది నీ వంటేనా?”

“చెప్పుమా” అన్నాడు ధనశేఖర్.

జ్ఞానాంబ కొడుకు వైపు చూసింది. నోట్లోది పూర్తిగా మింగింది.

“నాది కాదు తల్లీ, నాగవేణిది. వారం వారం ఈ బల్ల దగ్గరే కూసుంటి గానీ, నేను తినేది కూడా ఇదే మొదలు.”

పంకజాక్షి తల పంకించి నాగవేణి వైపు తిరిగింది. “అంగడి నీకిస్తానమ్మా. చేస్తావా?”

“నా పేరు పెడితే చేస్తా. గిరాకీలకు కనపడేటట్టు ముందు పక్క పొయ్యి పెడితే చేస్తా. పనికొచ్చేవాళ్లు ముందు తిని, తర్వాత వండాల. వెనకాల వంటింట్లోకైతే రాను.”

“అట్లనే” అంది పంకజాక్షి.

ధనశేఖర్ ఖాళీ పళ్లెం పట్టుకుని గిన్నెలోకి తొంగి చూశాడు. అందులో సగం కూడా మిగల్లేదు.

“వొదినా, మరి నాకు?”

“ఉండు” అంది నాగవేణి, గరిటె వదలకుండా. “మీ అమ్మ ఇంకొక తూరి పెట్టించుకుంటా ఉండాది.”