కేదారానికి కొన్న లాగు

ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుకునే కుళ్లాయప్ప భార్య మారెక్క మే నెలలో కేదారనాథ్ యాత్రకు పేరిచ్చింది. అక్కడ మంచు పడుతుందని కోడలు భారతి కదిరికి పోయి, చీర లోపల వేసుకోవడానికి మందపాటి తెల్ల థర్మల్ చొక్కా, పాదాల దాకా వచ్చే లాగు తెచ్చింది. అంగట్లో ఆరేళ్లుగా అమ్ముడుపోని ఒకే ఒక్క జత అది.

ప్రయాణం ఇంకా పది రోజులుంది. మారెక్క ఆ రోజే వాటిని వేసుకుని విత్తనం వేరుశనగ కాయలు వలవడానికి కూర్చుంది. బయట నలభై మూడు డిగ్రీల ఎండ.

"అత్తా, అవి మంచులో ఏసుకునేటివి. ఇప్పుడేసుకుంటే సచ్చిపోతావ్!" అంది భారతి.

"కొత్త చెప్పులైనా నాలుగు దినాలు తొడిగితేనే కదమ్మా అలవాటయ్యేది. ఆడికి పోయినాక కరిస్తే ఏం జేసేది?"

ఒళ్లంతా చెమటకాయలు లేచాయి. మూడో రోజు కళ్లు తిరిగి పడిపోతే, భారతి భయపడి బిందెడు నీళ్లు కుమ్మరించింది. తడిబట్ట మీద గాలి తగిలింది. మారెక్క కళ్లు తెరిచి, "ఇంకో బిందె పొయ్యి" అంది. ఆనాటి నుంచి తడి గోనెపట్ట చుట్టిన కుండలా చల్లగా కూర్చుని, అందరికంటే రెట్టింపు కాయలు వలిచింది.

కుళ్లాయప్ప రెండు రోజులు చూశాడు. మూడో రోజు ఆమె స్నానానికి పోగానే ఆ లాగు తడిపి తొడుక్కుని, మందను తోలుకుపోయాడు. తెల్లటి కాళ్లను చూసి గొర్రెలు బెదిరి గుట్టెక్కాయి. అరిచి పిలిస్తే, గొంతు గుర్తుపట్టి దిగివచ్చాయి.

ప్రయాణం రోజు అతను లాగు ఇవ్వనన్నాడు.

"సొక్కా నువ్వు తీస్కపో. లాగు నాకిడువు, ఒమే. ఈ ఎండాకాలమే నా కాళ్లు కాలకుండా ఉండాయి."

"దేవుని కాడికి సగం గుడ్డతో పోవాల్నా?"

"దేవుడు నీ కాళ్లు చూస్తాడా ఏంది?"

బస్సు హారన్ కొట్టింది. మారెక్క తిట్టుకుంటూ చొక్కాతోనే ఎక్కింది.

ఆరో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆమె పళ్లు కొట్టుకోవడం కుళ్లాయప్పకు వినిపించింది.

"దర్శనమైందా?"

"అయింది. నడుం పైన వెచ్చగుండాది. కింద కాళ్లుండాయో లేవో తెలీలే. నీ కాళ్లెట్లుండాయప్పా?"

అతను అబద్ధమాడలేకపోయాడు. "సల్లగుండాయి."

"నాకూ అంతే," అని మారెక్క ఫోన్ పెట్టేసింది.

కుళ్లాయప్ప ఇక కాళ్ల మీద నీళ్లు పోసుకోలేదు. గడియలో లాగు ఎండిపోయింది. అయినా విప్పలేదు. పొద్దుగూకే దాకా అందులో ఉడికిపోతూనే గొర్రెల వెనక తిరిగాడు.